తగ్గించి కొట్టిన దెబ్బలు

నా చిన్నప్పుడు చోడవరంలో నన్ను కర్రసాములో ఓడించినవాడు లేడు. ఈ మాట మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. వాళ్ళని తప్పుపట్టను. సగం విని వెళ్ళిపోయేవాళ్ళకి అది గొప్పలు చెప్పుకోవడంలాగే ఉంటుంది. మిగతా సగం వినేవాళ్ళు దొరక్క ఇక్కడ రాస్తున్నాను.

మాది బెల్లం కొట్టు. రోలుగుంట, బుచ్చయ్యపేట, వడ్డాది వైపు నుంచి రైతులు బళ్ళమీద బెల్లం దిమ్మలు తెస్తే, మా నాన్న వాటిని గీరి, నాలిక మీద వేసుకుని, ధర కట్టి, అనకాపల్లి పంపేవాడు. బజారులో అటు మా పెదనాన్న, ఇటు మా మేనమామ, అందరూ కొట్లవాళ్ళే. అందుకని నాకు మాటలకంటే ముందు బేరాలు వచ్చాయి. అమ్మ రెండు ముద్దలు తినమంటే ఒకటిన్నరకి ఒప్పించేవాణ్ణి. బళ్ళో మేష్టారు ఆరు బెత్తం దెబ్బలంటే నాలుగుకి దింపేవాణ్ణి. నాలుగుకి దింపానన్న గర్వంలో, అసలు దెబ్బలెందుకు పడ్డాయో మరిచిపోయేవాణ్ణి.

కొట్టు వెనక పొడుగాటి తాటాకు పాక ఒకటి ఉండేది. పగలు మా కాటా దగ్గర బెల్లం తూచే ముసలాయన, సాయంత్రం ఆ పాకలో కుర్రాళ్ళకి కర్రసాము నేర్పేవాడు. ఆయన్ని మేమంతా కాటా తాత అనేవాళ్ళం. పాక మా నాన్నది. నేర్పుకోమని ఊరికే ఇచ్చాడు. నాకు పదో ఏట తాత కర్ర చేతికిచ్చాడు. ఆయన పద్ధతి పాతది. కర్ర నేలకి తాకించి కళ్ళకద్దుకోవాలి. మొదటి ఆరు నెలలు ఉత్త అడుగులే. ఆ తరవాత దెబ్బల వరసలు. తలకి, కుడి భుజానికి, ఎడమ మోకాలికి, మళ్ళీ తలకి, ఇలా ఒకడు కొడుతుంటే జోడీగా నిలబడ్డవాడు కాయాలి. వరసలన్నీ వచ్చాక ఇక వరస లేదు, ఎవడికి తోచినట్టు వాడు కొట్టడమే. ముందుగా మూడు దెబ్బలు తగిలించినవాడిది గెలుపు.

రెండేళ్ళలో ఆ పాకలో నన్ను గెలిచినవాడు లేడు. నా జోడీ నాకంటే మూడేళ్ళు పెద్ద, మా బళ్ళు తోలే మనిషి కొడుకు. బస్తా ఒంటి చేత్తో ఎత్తేవాడు. అంతటివాడి కర్ర నా భుజం దాకా వచ్చి బెత్తెడు దూరంలో నీరసపడిపోయేది. నా చురుకుదనానికి బెదిరిపోతున్నాడనుకుని, వాడిమీద జాలిపడి రెండు మెళకువలు కూడా చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, అమ్మవారి పండగ దగ్గరపడింది. ప్రతి పండగకీ వడ్డాది నుంచి ఒక కుర్రాణ్ణీ, మా ఊరి నుంచి ఒక కుర్రాణ్ణీ బజారు మధ్యలో నిలబెట్టి కర్రసాము ఆడించేవారు. ఆ ఏడు మా ఊరి తరఫున నన్ను నిలబెడదామని పెద్దలు కొట్టుకి వచ్చి అడిగారు. వడ్డాదివాడు నాకంటే తలంత పొడుగని వాళ్ళలో ఒకాయన సందేహించాడు. “పొడుగోడైతే తగలడానికి చోటెక్కువుంటాది” అన్నాను గుమ్మంలోంచి. అందరూ నవ్వారు. మా నాన్న నవ్వలేదు. కాటా దగ్గరున్న తాతని పిలిచాడు.

“ఏటోయ్, పాకిచ్చి రెండేళ్ళయింది. సాయంత్రమైతే ఒకటే గెంతులూ కేకలూ. రేపెవడైనా మీద పడితే ఆ గెంతులు పనికొస్తాయా అని నాకనుమానం. పండగనాడు మావాణ్ణి చూస్తాను. గెలిచేడా, నీ ఓపికున్నన్నాళ్ళు నేర్పుకో, పాక నీదే. ఓడిపోయేడా, ఈ ఏడు దిమ్మలకి నాకు జాగా చాలటం లేదు.”

తాత తలపాగా తీసి చేత్తో పట్టుకుని “అలాగే బాబూ” అన్నాడు. ఆయన మొహంలో రంగు లేదు. నా మీద నమ్మకం లేక అలా ఉన్నాడని నాకు కోపం వచ్చింది.

పండగ ఐదు రోజులుందనగా, రోలుగుంట రోడ్డుమీద చెరుకు బండి ఒకటి వెళుతోంది. బండి వెనకనుంచి గడ లాగడం మా ఈడు పిల్లలందరూ చేసేదే. అడిగి తీసుకున్న చెరుకు తియ్యగా ఉండదని మా నమ్మకం. తండ్రి ముందు ఎద్దుల దగ్గరుంటే, వెనకాల కాపలాగా పదేళ్ళ గుంట ఒకతె నడుస్తోంది. నేను గడ మీద చెయ్యి వేశాను. “ఒగ్గీ” అంది, వదిలెయ్యమని. నేను నవ్వి, చేతిలో సాము కర్ర ఒకసారి గిర్రున తిప్పి, ఎడమ కాలు ముందుకేసి, తాత నేర్పినట్టు నిలబడ్డాను. పాకలో నేనలా నిలబడితే చాలు, ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆ గుంట వెయ్యలేదు. బండిలోంచి ఓ గడ పీకి, నా మోకాలి కింద ఎముక మీద కొట్టింది.

వరస ప్రకారం మొదటి దెబ్బ తలకి రావాలి. నా కర్ర తలకి కాపు కాస్తూ ఉండిపోయింది. రెండోది మణికట్టు మీద పడి కర్ర జారిపోయింది. మూడోది వీపు మీద. అది నేను పరిగెడుతుండగా తగిలింది కాబట్టి లెక్కలోకి రాదని తరవాత చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను.

“ఒరే! నీ కర్రొగ్గేసి ఎల్లిపోతన్నావేటి!” అని వెనకనుంచి అరిచింది.

కల్వర్టు మీద కూర్చుని కాలు ఊదుకుంటుంటే నాకు సంగతి అర్థమైంది. ఆ గుంటకి సాము రాదు. నాకున్న అడుగుల్లో ఒక్కటీ దానికి తెలియదు. దానికి తెలియనిది ఇంకొకటుంది, నేను ఎవరి కొడుకునో. పాకలో ఉన్నవాళ్ళందరికీ అది తెలుసు. ధర దగ్గర ఎదుటివాడి గొంతు ఎక్కడ సన్నబడుతుందో వినగానే పట్టేసేవాణ్ణి నేను. అలాంటివాణ్ణి, అడక్కుండానే రెండేళ్ళపాటు నాకిస్తూ వచ్చిన తగ్గింపుని కనిపెట్టలేకపోయాను.

మర్నాడు కాటాకి బళ్ళు రాకముందే తాత దగ్గరికి వెళ్ళి, మోకాలు చూపించి జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన కాటా గొలుసు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి నా కాలుకేసే చూస్తూ కూర్చున్నాడు.

“తాతా, పాకలో నన్నెవడూ నిజంగా కొట్టలేదు కదా?”

“నేదు బాబూ.”

“నువ్వే వద్దన్నావా?”

“నాను సెప్పక్కర్నేదు. నీ జోడీగాడి అయ్య మీ బండి తోల్తన్నాడు. ఆడి మావ మీ మూటలు మోత్తన్నాడు. నీ ఒంటిమీద గీత పడితే ఆళ్ళ పొయ్యి ఎలగదని ఆళ్ళకి ఒకలు సెప్పాలేటి?”

“మరి నాకొచ్చిందంతా?”

“అడుగులొచ్చేయి, వరసలొచ్చేయి, సెయ్యి బాగా తిరుగుతాది. దెబ్బొకటే నీకు తెల్దు.”

జొరం వచ్చిందని పడుకుందామా అంటే, ఆడకపోవడం కూడా ఓడిపోవడం కిందే లెక్క కడతాడు మా నాన్న. నిజం చెబుదామా అంటే, పాకలో ఏమీ నేర్పలేదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. ఎటు వెళ్ళినా పోయేది తాత పాకే. పైగా పొడుగువాడి మాట అన్నది ఎవరు? నేనే. నా నోరు నన్ను తీసుకెళ్ళి ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసినట్టయింది.

ఇంకా నాలుగు రోజులున్నాయి కదా, నిజంగా కొట్టేవాణ్ణి ఒకణ్ణి సంపాదిస్తే చాలనుకున్నాను. నా జోడీని పట్టుకుని, ఒక్క దెబ్బ గట్టిగా కొట్టమన్నాను. వాడు నా మొహం చూసి, “జొరమొచ్చిందేటి?” అన్నాడు. బెల్లం ముక్క ఇస్తానన్నాను. కాదంటే నా బొంగరం. అదీ కాదంటే గాలిపటం, దారం ఉండతో సహా. బజారులో ఎవరి దగ్గరైనా ధర దించడమే తెలిసిన నేను, అడుగడుక్కీ పైకి పోతూ ఆడిన బేరం నా జన్మలో అదొక్కటే. వాడు గాలిపటం పుచ్చుకుని, పళ్ళు బిగించి, కర్ర ఎత్తి, నా భుజం మీద ఈగని తోలినట్టు ఆనించాడు. “తగిలిందేటి?” అని కంగారుగా అడిగాడు కూడా. మిగతా కుర్రాళ్ళు నలుగురినీ అడిగాను. ఒకడైతే ఏడ్చినంత పని చేసి “మా అమ్మతో సెప్తాను” అన్నాడు. అందరూ నన్నెంతో మర్యాదగా చూశారు. ఆ మర్యాదని పగలగొట్టి బయటికి రావడానికి ఎక్కడా సందు లేదు.

పండగ మూడు రోజులుందనగా, తెల్లవారుతుండగా తాత నన్ను పాకలోకి పిలిచి తడిక వేశాడు. ఆయన చేతిలో కర్ర ఉంది.

“ఇదిగో బాబూ, నీ ఒంటిమీద వాత కనపడిందా, నా కాటా పోతాది. నువ్వోడిపోయేవా, పాక పోతాది. ఎటు సూసినా నాకేటీ మిగల్దు. మిగల్నప్పుడు నీకైనా ఒకటి మిగలాల కదా. ఎటునుంచి వత్తాదో సెప్పను. కాసుకో.”

మొదటిది ఎడమ భుజం మీద పడింది. రెండేళ్ళు చదివిన చదువంతా ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, కళ్ళ ముందు తెల్లటి వెలుగు ఒకటి మిగిలింది. ఏడ్చాను. ఆయన ఆగలేదు. రెండోది పిర్ర మీద. మూడోది మోచేతి మీద. నాలుగోది వస్తున్నప్పుడు నేనేమీ ఆలోచించలేదు. నా చేతులు వాటంతట అవే లేచి కర్ర అడ్డం పెట్టాయి. టక్కుమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం నేను అంతకుముందు ఎన్నివేల సార్లు విన్నానో. కాని ఇంతకాలం విన్నది అబద్ధపు శబ్దమని అప్పుడు తెలిసింది. నిజం దెబ్బని కాస్తే కర్రలోంచి వణుకు మోచేతి దాకా వస్తుంది.

తాత కర్ర దించి గోడకి చేరబడ్డాడు. కర్ర పట్టిన చేతిని పంచకి తుడుచుకున్నాడు. షావుకారి కొడుకుని కొట్టడానికి ఆ చేతికి ఎంత బలం కావలసి వచ్చిందో ఆ ఈడులో నాకు తెలియదు. నేను నా భుజం నొప్పే చూసుకున్నాను. మర్నాడు కూడా కొట్టాడు, ఆ పైరోజు కూడా. ఇంట్లో చొక్కా విప్పకుండా, అమ్మ తలంటుతానంటే పండగనాటికి వాయిదా బేరం పెట్టి, వీపు గోడకేసి నడుస్తూ రోజులు నెట్టాను. పండగ ముందురోజుకి ఆయన దెబ్బలు పదిలో రెండు కాయగలిగాను. ఆ రెండిటికీ తాత మొహంలో వచ్చిన సంతోషం, అంతకుముందు నేను గెలిచిన పందేల్లో ఒక్కదానికీ రాలేదు.

పండగనాడు బజారు కిటకిటలాడిపోయింది. డప్పులు మోగుతున్నాయి. పెట్రోమాక్సు లైట్లు ఇంకా వెలిగించలేదు, సాయంత్రం ఎండ ఉంది. మా నాన్న ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. వడ్డాది కుర్రాడు నిజంగానే తలంత పొడుగు; చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు. కళ్ళకద్దుకుని నిలబడ్డాం. భయంతో నా చెవుల్లో డప్పులు వినపడటం మానేశాయి. వాడు కర్ర ఎత్తాడు. నేను కాచాను.

వణుకు రాలేదు.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ రాలేదు. ఈగని తోలినట్టే. నేను ఊరికే కర్ర చాచితే వాడి భుజానికి తగిలింది. వాడే ముందుకొచ్చి తగిలించుకున్నాడు. జనం కేకలేశారు. వాడి కళ్ళు నా మీద లేవు. నా తలమీదుగా వెనక్కి చూస్తున్నాయి. తిరిగి చూశాను. మా నాన్న కుర్చీ పక్కన ఒక రైతు పైపంచ నడుముకి చుట్టుకుని చేతులు కట్టుకు నిలబడి ఉన్నాడు. ఏటా మా కాటాకి బెల్లం తెచ్చే మనిషే. వాడి తండ్రి.

రెండో దెబ్బ కూడా నాదే అయింది. కర్రలు అడ్డం పడి ఇద్దరం దగ్గరగా వచ్చినప్పుడు గొంతు తగ్గించి అన్నాను:

“నిజంగా కొట్టు.”

“మా అయ్య ఉన్నాడక్కడ.”

“మా నాన్నకి నేను చెప్పను.”

“నువ్వు సెప్పకపోతే సాల్దేటి? ఆయన సూత్తన్నాడు కదా. బేగి కొట్టీ, ఆకలేత్తంది.”

ఒక్క దెబ్బ మిగిలింది. అది కొట్టకుండా కర్ర కింద పడేసి, ఇది ఆట కాదని అందరి ముందూ అరవచ్చు. అరిస్తే పాకలో దిమ్మలు పేరుస్తారు, ఆ కుర్రాడి తండ్రి సంగతి ఏమవుతుందో తెలియదు. కొడితే నేను గెలిచినట్టే. తప్పించుకుపోవడానికి చుట్టూ దారి వెతికాను. జనం, డప్పులు, చప్పట్లు తప్ప ఎటూ దారి లేదు. నాకు బేరమాడటం వచ్చు, ఏది చవకో తెలుసు. కొట్టాను.

మా నాన్న లేచి నిలబడ్డాడు. ఎవరో నన్ను భుజాలమీదికి ఎత్తారు. సరిగ్గా వాతల మీద పట్టుకున్నారు. తాత వచ్చి నుదుట బొట్టు పెడుతూ చెవిలో, “మూడో దెబ్బకి కళ్ళు మూసుకున్నావేటి బాబూ?” అన్నాడు. కోప్పడలేదు. అంతకంటే కోప్పడినా బాగుండేది. పాక నిలిచింది. ఆ రాత్రి మా నాన్న భోజనం దగ్గర నా కంచంలో ఆయన చేత్తో నెయ్యి వేశాడు. నెయ్యి పడిన ముద్ద పక్కకి నెట్టి మిగతాది తిన్నాను.

నెల తిరక్కుండా ఒక సంతరోజున, మా బండిలో కూర్చుని వడ్డాది వెళ్ళాను. ఎందుకని అడిగితే సంత చూస్తానన్నాను. ఆ కుర్రాడు చింతపండు అమ్ముతున్న వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. పిలిచి, బళ్ళు విప్పిన చోటికి తీసుకెళ్ళి, వచ్చిన పని చెప్పాను. వాడు అటూ ఇటూ చూశాడు.

“మీ నాన్న నేడు కదా?”

“లేడు.”

“మా అయ్యా నేడు. ఏడిస్తే నాకు తెల్దు మరి.”

బళ్ళ మధ్యనుంచి రెండు కర్రలు తెచ్చుకున్నాం. వాడు పదకొండు దెబ్బలు కొట్టాడు. తల గోక్కోవడానికి కూడా ఖాళీ ఇవ్వలేదు. ఎద్దులు మా వంక చూసి మళ్ళీ గడ్డి తిన్నాయి. ఏడు తగిలాయి. ఒక దానికి పెదవి చిట్లింది, ఒక దానికి మోకాళ్ళమీద పడ్డాను. నాలుగు మాత్రం కాచాను. ఆ నాలుగిటికీ నా అడుగులు తాత పెట్టించిన చోటే పడ్డాయి, కర్ర ఆయన చూపించిన కోణంలోనే లేచింది, మోచేతి దాకా వణుకొచ్చింది. ఒకసారి వాడిక్కూడా తగిలించాను, మోకాలి కింద ఎముక మీద. అది నేర్పింది తాత కాదనుకోండి.

వాడు అలిసిపోయి కర్ర పడేసి, కుండలోంచి నీళ్ళు తెచ్చి నా మొహం కడిగాడు. ముక్కు చీదుకుంటూ, “పర్నేదురా నువ్వు, మరీ సేతకానోడివేం కావు” అన్నాడు. నన్ను ‘రా’ అన్నాడని ఇంటికొచ్చేదాకా బండిలో నవ్వుకుంటూనే ఉన్నాను, పెదవి నొప్పెడుతున్నా.

మర్నాడు పొద్దున తాతతో “నాలుగు కాచాను” అన్నాను. ఎక్కడ, ఎవరితో అని ఆయన అడగలేదు. “ఎన్నిట్లో?” అన్నాడు. పదకొండన్నాను. కాటా మీద దిమ్మ అలాగే ఉంది, ఆయన పైపంచ చెంగుతో మొహం తుడుచుకుని, చాలాసేపు ఆ చెంగు మొహం మీదనుంచి తియ్యలేదు. తరవాత తొమ్మిదేళ్ళు, ఆయన పోయేదాకా, పాకలో నేర్పుతూనే ఉన్నాడు. నా జోడీ మటుకు చివరిదాకా నన్ను ఒక్క దెబ్బా కొట్టలేదు. ఎంత అడిగినా.

పాత సాము విద్యలు నిజం కొట్లాటకి పనికొస్తాయా అని ఈ మధ్య మా మనవడు అడిగాడు. నాకు పదకొండిట్లో నాలుగు పనికొచ్చాయని చెప్పాను. ఆ నాలుగూ తాత అడుగులవల్ల వచ్చాయి. అడుగులకి ప్రాణం పోసింది మాత్రం, నన్ను కొట్టడానికి భయపడవలసిన మనిషి భయపడుతూనే కొట్టిన ఆ మూడు రోజులు. మనవడికి ఇది జవాబులా అనిపించినట్టు లేదు.

తరవాత నేను షావుకార్నయ్యాను. ఆ తరవాత ఇంటికి పెద్దనయ్యాను. ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను. మూడిట్లో ఎప్పుడూ నామీద పూర్తి బరువుతో కర్ర పడే అవకాశం పెద్దగా రాలేదు. కొడుకులు “మీరన్నదే రైటు నాన్నగారూ” అంటారు, కోడళ్ళు నా మిగతా పాత కథలకి మళ్ళీ నవ్వుతారు. నేను మోచెయ్యి తడుముకుంటాను; వణుకేమీ ఉండదు. ఎనిమిదేళ్ళ మా చిన్న మనవరాలు ఒక్కతే మధ్యాహ్నాలు నాతో చదరంగం ఆడి, నా మంత్రిని తీసేసి, “మీకు బొత్తిగా రాదు తాతయ్యా” అంటుంది. తల్లి లోపలినుంచి కేకలేస్తుంది, పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదని. నేను గబగబా పావులన్నీ మళ్ళీ పేర్చేసి, ముందు ఎత్తు దాన్నే వెయ్యమంటాను.